లైనక్స్‌లో గేములు: ప్రోటానా, వర్చువల్ మెషీనా?

తిరుపతిలో ఇంజినీరింగ్ హాస్టళ్ల కుర్రాళ్లు ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) వేసుకోగానే అడిగేది ఇదే. ప్రోటాన్ అంటే విండోస్ గేములను లైనక్స్‌లోనే నడిపే సాఫ్ట్‌వేర్; వర్చువల్ మెషీన్ అంటే లైనక్స్ లోపలే విండోస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్.

ఖర్చు: ప్రోటాన్ ఉచితం, 2018 నుంచి గేములు అమ్మే స్టీమ్ యాప్‌లోనే వస్తోంది. వర్చువల్ మెషీన్‌లో పెద్ద గేమ్ సాఫీగా నడవాలంటే గ్రాఫిక్స్ కార్డును దానికే అప్పజెప్పాలి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే మామూలుగా రెండో కార్డు కొనాల్సిందే. ర్యామ్ కూడా లైనక్స్‌కూ విండోస్‌కూ పంచాలి.

శ్రమ: ప్రోటాన్‌కు మహా అయితే సెట్టింగ్స్‌లో ఒక టిక్కు. వర్చువల్ మెషీన్‌కు బయోస్‌లో ఐఓఎమ్‌ఎమ్‌యూ (కార్డును నేరుగా వర్చువల్ మెషీన్‌కు ఇవ్వడానికి కావాల్సిన సదుపాయం) ఆన్ చేసి, కార్డును వీఎఫ్‌ఐఓ అనే లైనక్స్ డ్రైవర్‌కి అప్పగించాలి. ఈ సెట్టింగ్స్‌లో ఒక్క లైను తప్పినా రీబూట్‌కు నల్ల స్క్రీనే రావచ్చు. సెమిస్టర్ పరీక్షల ముందు ఈ టెన్షన్ పెట్టుకోకండి.

రిస్క్: వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ రెండింటిలోనూ ఆడదు. ఆశ వదిలేయండి.

స్టీమ్ గేములకైతే ప్రోటానే. కాలేజీ ప్రాజెక్టుకు విండోస్ సాఫ్ట్‌వేర్ కావాలంటే మామూలు వర్చువల్ మెషీన్ చాలు, కార్డు జోలికి పోనక్కర్లేదు.