నడుము మీద తొమ్మిదేళ్లు: నా 32 బోర్ రివాల్వర్

మొదటి రోజే మా హమాలీ పట్టేశాడు. కాటా దగ్గర చీటీ మీద సంతకం పెట్టడానికి వంగాను, చొక్కా పైకి లేచింది. "సేటూ, నడుం కాడ ఏందది, టిఫిన్ డబ్బానా?" అన్నాడు. ట్రాక్టర్ల మీద కూర్చున్న రైతులంతా నవ్వారు. బయటికి కనపడకూడదని షాపులో అరగంట తిప్పి తిప్పి చూసి మరీ కొన్న రివాల్వర్ అది.

మాది మిర్యాలగూడలో చిన్న రైస్ మిల్లు. దీన్ని కొన్నది 2016 సెప్టెంబరులో. అప్పట్లో సాగర్ ఎడమ కాలువ కింది వడ్లు మిల్లుకు వచ్చాయంటే రైతుకు నోట్లు లెక్కపెట్టి ఇవ్వాల్సిందే. ఒకసారి డబ్బు సంచితో వస్తుంటే వేములపల్లి నుంచి ఒక బండి నా వెనకే వచ్చింది. ఏమీ జరగలేదు గానీ ఆ టెన్షన్‌తోనే లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. పోలీసు విచారణ, కలెక్టరేటు చుట్టూ తిరుగుడు అన్నీ అయి రివాల్వర్ చేతికొచ్చిన రెండు నెలలకు, నవంబరు 8న, పెద్ద నోట్లు రద్దయ్యాయి. కాయడానికి రివాల్వర్ ఉంది, సంచిలో నోట్లు లేవు. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

అసలు నా కోరిక పెద్ద బోర్, అంటే గొట్టం లోపలి వెడల్పు ఎక్కువున్నది. "సైజు చిన్నగా ఉండాలి, గుండు పెద్దగా ఉండాలి" అని అడిగితే హైదరాబాద్ డీలర్ నవ్వి కుర్చీ చూపించాడు. 9 ఎంఎం, పోలీసుల దగ్గర ఉండే 380, పాత 455 ఇవన్నీ మనలాంటి వాళ్లకు ఇవ్వని నిషిద్ధ బోర్లు. విదేశీ తుపాకుల దిగుమతి మామూలు జనానికి 1980లలోనే మూతపడింది. పాత వెబ్లీలు, స్మిత్ అండ్ వెస్సన్‌లు చేతులు మారుతూ వస్తాయి గానీ వాటి రేటు వింటే ఎకరం పొలం గుర్తొస్తుంది. తిరిగి తిరిగి చివరికి 32 బోర్ దగ్గరే ఆగాలి. 1896లో అమెరికాలో పుట్టిన తూటా ఇది. ముందుండే సీసం ముక్క బరువు ఆరు గ్రాములు దాటి కొంచెం, అంతే.

షాపులో రెండు పెట్టాడు. ఒకటి నిర్భీక్. 2014లో కాన్పూర్ నుంచి, ఆడవాళ్ల కోసమంటూ వచ్చింది. టైటానియం మిశ్రమం, అర కిలో బరువు, ప్రకటించిన ధర 1,22,360 రూపాయలు. రెండోది మామూలు ఉక్కుది, 700 గ్రాముల దగ్గర ఉంటుంది, ధర తక్కువ. కంపెనీ పేరు ఇక్కడెందుకు గానీ మన దేశంలో చేసిందే. రెండిట్లోనూ ఆరు తూటాలే, బోరూ ఒకటే. రెండు వందల గ్రాముల కోసం అంత ఎక్కువ పెట్టాలా అని మిల్లరు లెక్క వేసి ఉక్కుది తీసుకున్నాను. ఆ రెండు వందల గ్రాములు కాటా మీద లెక్కలోకే రావు. పొద్దున్నుంచి నడుముకు పెట్టుకుని సాయంత్రం లారీ లోడింగ్ దగ్గర నిలబడితే అప్పుడు తెలుస్తుంది ఎంతో.

బరువును రివాల్వర్ మోయదు, బెల్టు మోస్తుంది. ఇది నాకు రెండేళ్లకు గానీ అర్థం కాలేదు. ఆఫీసు ప్యాంటుకు పెట్టుకునే పలచటి బెల్టు కుడివైపు జారిపోయేది, మాటిమాటికీ పైకి లాక్కోవడం. అలా లాక్కుంటుంటే చూసేవాడికి ఇంక వేరే చెప్పాలా? ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న మందపాటి తోలు బెల్టు, ఒక సైజు పెద్ద ప్యాంటు, ముదురు రంగు వదులు చొక్కా. ఈ మూడూ కుదిరాక హమాలీలు అడగడం మానేశారు. మా వైపు మిల్లర్ల యూనిఫాం లాంటి తెల్ల చొక్కా మాత్రం పనికిరాదు, చెమట పట్టగానే హామర్ (తూటాను వెనక నుంచి కొట్టే సుత్తి) తోక దాకా అచ్చు దిగుతుంది. కారు నడిపేటప్పుడు పిడి డొక్కలో గుచ్చుతుంది. కింద పీట మీద కూర్చుని భోజనం చేయడం కుదరదు.

ఇంక చెమట. మే నెలలో మా దగ్గర 45 డిగ్రీలు. మొదటి ఎండాకాలంలోనే పిడికి పైన, ఒంటికి ఆనే వైపు, నీలి పూత పోయి ఎర్రటి చుక్కలు లేచాయి. తోలు హోల్‌స్టర్, అంటే రివాల్వర్ దోపుకునే ఒర, చెమటను పీల్చి ఉప్పునంతా ఉక్కుకు అప్పజెబుతుంది. ఇప్పుడు రాత్రి ఇంటికి రాగానే తీసి, ఖాళీ చేసి, పలచగా నూనె గుడ్డతో తుడిచి, హోల్‌స్టర్ లేకుండా లాకర్లో పెడతాను. మిల్లులో ఉండేవాళ్లకు ఇంకో శత్రువు తవుడు దుమ్ము. నూనె కాస్త ఎక్కువైతే దుమ్ము పట్టి మైనంలా అవుతుంది. నాది మధ్యకు విరిచి తెరిచే రకం. తెరిస్తే నక్షత్రం లాంటి ముక్క లేచి కాల్చిన తూటాల ఖాళీ తొడుగులన్నీ ఒకేసారి బయటికి తోస్తుంది. ఒకసారి దాని కింద తవుడు చేరి అది పూర్తిగా దిగలేదు, రివాల్వర్ మూతపడలేదు. కాల్పుల సాధన చేసే రేంజ్‌లో కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి పాత టూత్‌బ్రష్ దానికే.

ట్రిగ్గర్ సంగతి షాపులో ఎవరూ చెప్పరు. హామర్ వెనక్కి లాగి కాలిస్తే వెన్నలా ఉంటుంది. లాగకుండా నేరుగా నొక్కితే వేలంతా బిగుసుకుపోతుంది. మొదటిసారి పది మీటర్ల నుంచి అలా ఆరు కాల్చాను, కాగితానికి తగిలినవి రెండు. హామర్ లాగి కాల్చిన ఆరూ తగిలాయి. కానీ భయంలో హామర్ లాగే తీరిక ఎవరికుంటుంది? నా లైసెన్సు మీద ఒకసారికి 25 తూటాలు, ఏడాదికి 50. వాటితో ఏం సాధన చేస్తాం? అందుకే తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేసి, డమ్మీ తూటాలతో గోడవైపు వారానికి రెండు రోజులు వేలి సాధన చేస్తాను. ఏడాదికి ఆరుకు నాలుగు దాకా వచ్చాను.

పెద్ద బోర్ ముచ్చట డల్లాస్‌లో తీరింది, కళ్లతోనే. మా అల్లుడి దగ్గర చార్టర్ ఆర్మ్స్ బుల్‌డాగ్ ఉంది, 44 స్పెషల్, ఐదు తూటాలు. బరువు దాదాపు 600 గ్రాములే, నాదానికంటే తక్కువ. గుండు మాత్రం పదహారు గ్రాముల దాకా ఉంటుంది. టూరిస్టు వీసా మీద వెళ్లినవాళ్లు మామూలుగా అక్కడ తుపాకీ పట్టుకోకూడదు. "మామయ్యా, మీరు గీత అవతలే నిలబడండి" అన్నాడు. నిలబడి చూశాను. ప్రతి గుండుకూ చెయ్యి తలదాకా లేస్తోంది. మూడోసారి నింపేటప్పటికి అరచెయ్యి రుద్దుకుంటున్నాడు. వయసులో ఉన్నవాడి గతే అట్లుంటే యాభై ఎనిమిదేళ్ల నా మణికట్టు సంగతేంటి? 32 దొరికిందని అప్పటిదాకా ఉన్న ఏడుపు అక్కడే ఆగింది.

కొనబోయేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. జాతరలకు, ఊరేగింపులకు, సభలకు, బడి ఆవరణలోకి తీసుకెళ్లకూడదని లైసెన్సు షరతుల్లోనే ఉంటుంది. చెరువుగట్టు జాతరకు పోయినా, దురాజ్‌పల్లి పెద్దగట్టుకు పోయినా అది ఇంట్లోనే. పెళ్లి బరాత్‌లో గాల్లోకి పేలిస్తే 2019 సవరణ తర్వాత రెండేళ్ల జైలు దాకా పడొచ్చు. ఇక ఎన్నికలొస్తే జమ చేయాలి. 2018 అసెంబ్లీ, 2019 లోక్‌సభ, 2021 సాగర్ ఉపఎన్నిక, 2022 మునుగోడు, మళ్లీ 2023, 2024. మా జిల్లాలో ఓట్ల పండగకు కొదవ లేదు, నా రివాల్వర్‌కు సెలవులకూ కొదవ లేదు. మునుగోడప్పుడు నూనె రాయకుండా తోలు హోల్‌స్టర్‌తో సహా ఇచ్చి వచ్చాను, తిరిగొచ్చేసరికి కొత్త తుప్పు. తప్పు నాదే.

ఇప్పుడు రైతుల డబ్బంతా ఖాతాల్లోకే పోతోంది. సీజన్‌లో నాలుగైదు రోజులు తప్ప అది లాకర్ దాటదు. లైసెన్సు మాత్రం 2022లో ఐదేళ్లకు రెన్యువల్ అయింది. మొన్న కీలు కాస్త వదులైందని డీలర్ దగ్గరికి తీసుకెళ్తే ప్రబల్ చూపించాడు. 2023లో వచ్చిన కొత్తరకం, సిలిండర్ (తూటాలు నింపే చక్రం) పక్కకు తెరుచుకుంటుంది. నడిమి కీలు బెడద లేదు, ట్రిగ్గర్ నా వేలికి నిజంగానే తేలిగ్గా అనిపించింది. "మార్చేద్దామా సేటూ?" అన్నాడు. బరువెంత అన్నాను. 675 గ్రాములట. నాదాంతో పోలిస్తే పాతిక గ్రాములు తేడా. కీలు బిగించమని చెప్పి, ఇంకో మందపాటి బెల్టు తీసుకుని ఇంటికొచ్చాను.