రైతు బజారా, సూపర్ మార్కెట్టా, ఫోన్ ఆర్డరా: విశాఖలో ఇంటి సరుకులకు ఏది మేలు?

మేం ఎంవీపీ కాలనీలో నలుగురం ఉంటాం. ఏడాదిగా సరుకుల బిల్లులన్నీ ఒక డబ్బాలో వేసి, నెలాఖరున కూడి చూస్తున్నాను. అన్నీ ఒకే చోట కొన్న నెలల్లోనే ఖర్చు ఎక్కువైంది.

కూరగాయలకైతే నాకు రెండో మాట లేదు, రైతు బజారే. 1999లో మొదలైన ఈ బజార్లు మన ఊళ్లో ఎంవీపీ, సీతమ్మధార, కంచరపాలెం, నరసింహనగర్ లాంటి చోట్ల ఉన్నాయి. ఏ రోజు రేటు ఆ రోజు బోర్డు మీద రాస్తారు కాబట్టి బేరమాడే టెన్షన్ ఉండదు. వారానికి ఏం వండాలో ఇంట్లో రాసుకుని వెళ్లడం నేను మానేశాను. అలా వెళ్తే చిక్కుడు రేటు మండిపోతున్నా అదే కొనేస్తాం. ఇప్పుడు ముందు బోర్డు చూస్తాను, అక్కడే నిలబడి రాసుకుంటాను. ఆనపకాయ చవగ్గా ఉంటే ఒక రోజు పులుసు, ఇంకో రోజు పాలు పోసి కూర. బీరకాయ కొంటే ముక్కలు కూరకి, తొక్కు పచ్చడికి. వండే వరస కూడా ముఖ్యం. మొదటి రెండు రోజులు తోటకూర, బచ్చలి. తర్వాత బెండ, దొండ. వారం చివరికి దోసకాయ, కంద, గుమ్మడి. ఈ వరస పట్టుకున్నాక మా ఇంట్లో కుళ్లి పారేసే కూరలు దాదాపు లేవు.

జ్ఞానాపురం హోల్‌సేల్ మార్కెట్లో ఇంకా చవకే. కానీ ఇంట్లో ఫంక్షన్ ఉంటేనో, నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి పంచుకుంటేనో తప్ప అంత సరుకు మనకెందుకు? అలాగే రైతు బజారు దూరమై, రానూపోనూ ఆటో ఎక్కాల్సి వస్తే మిగిలిన డబ్బు ఆటోకే పోతుంది. అలాంటివాళ్లకు వీధిలోకి వచ్చే తోపుడు బండే నయం.

నూనె, సబ్బులు, పప్పులకు సూపర్ మార్కెట్ మంచిదే, ఎమ్మార్పీ మీద తగ్గింపు ఉంటుంది. అయితే నూనె ప్యాకెట్ మీద సన్నక్షరాలు చదవాలి. పొద్దుతిరుగుడు నూనె లీటరుంటే బరువు సుమారు 910 గ్రాములు. చూడ్డానికి అదే సైజులో ఉండి, లోపల తక్కువున్న ప్యాకెట్లూ ఉంటాయి. రేటు తక్కువని తీసుకుంటే మోసపోతాం.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న ఆఫర్లను మాత్రం మన ఊళ్లో నమ్మకండి. పోయిన వానాకాలం బొంబాయి రవ్వ అలాగే నాలుగు ప్యాకెట్లు తెచ్చాను. సముద్రపు గాలికి తేమ చేరి, నెల తిరక్కుండానే మూడో ప్యాకెట్ నిండా పురుగు. జల్లెడ పట్టినా వాసన పోలేదు, మొత్తం పారబోశాను. రవ్వ, శనగపిండి, గోధుమపిండి పదిహేను రోజులకు సరిపడా చాలు. కందిపప్పు మాత్రం ఎండలో పోసి, చల్లారాక డబ్బాకెత్తితే రెండు నెలలైనా ఉంటుంది.

బియ్యం బస్తా లెక్క వేరు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. 26 కిలోల బస్తాలు వచ్చింది అందుకే. రెండు దుకాణాల రేట్లు పోల్చేటప్పుడు బస్తాకి కాదు, కిలోకి ఎంతో లెక్కగట్టండి.

ఫోన్ ఆర్డరు నాకు ఆఖరి దారి. చిన్న ఆర్డరుకి డెలివరీ ఛార్జీ, హ్యాండ్లింగ్ ఛార్జీ కలుస్తాయి. అవి తప్పించుకోవడానికి అక్కర్లేని చిప్స్, బిస్కెట్లు కలుపుతాం. చుట్టాలొచ్చిన రాత్రి పాలు అయిపోతే అది వాడుకోవడంలో తప్పులేదు.

చేపలు తినేవాళ్లకు ఇంకొక్క మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం, పచ్చి చేప రేటు పెరుగుతుంది. నేను మార్చిలోనే ఎండు నెత్తళ్లు కొని, తల తీసి, ఇంకోసారి ఎండబెట్టి సీసాలో పెడతాను. ఎండాకాలమంతా వంకాయతో కలిపి వండుకుంటాం.