టర్నర్ బొమ్మలు చూసి టింటర్న్ అబ్బే, లాంథనీ వెళ్దామనుకునేవాళ్లకి

ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ 1794లో వేసిన టింటర్న్ అబ్బే (పాడుబడిన పాత క్రైస్తవ మఠం) వాటర్ కలర్ మనసులో పెట్టుకుని వేల్స్ వెళ్తే మొదట కాస్త డీలా పడతారు, ముందే చెప్తున్నా. బొమ్మలో ఆర్చిల మీంచి ఐవీ తీగలు జడలు జడలుగా వేలాడుతూ, గోడ ఎక్కడ అయిపోయి ఆకు ఎక్కడ మొదలైందో తెలీకుండా ఉంటుంది. ఇప్పుడక్కడ నున్నగా కత్తిరించిన పచ్చిక, కడిగినట్టున్న రాయి. "బావా, ఇదేనా? ఒక్క తీగ కూడా లేదేంటి" అన్నాడు మా బావమరిది లోపలికి రాగానే.

1901లో ప్రభుత్వం ఈ చోటు కొన్నాక, గోడలు నిలబడాలని తీగలన్నీ పీకించేసింది. తప్పు పట్టడానికేం లేదు, కోట గోడలో రావి మొక్క మొలిస్తే ఏమౌతుందో మనకి తెలిసిందేగా. 1536లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించి పైకప్పు మీది సీసం కూడా ఊడదీయించాడు, ఆ తర్వాతే చెట్టూ చేమా లోపలికొచ్చాయి. 1770లో పడవలో వచ్చిన యాత్రా రచయిత విలియం గిల్పిన్‌కి మాత్రం ఆ పాడుబడటం కూడా చాల్లేదు, గోడల త్రికోణాలు మరీ తీరుగా ఉన్నాయి, ఎవరైనా సుత్తితో కాస్త చూసి పగలగొడితే బావుండు అని రాశాడు! పక్కనే ఇనప కార్ఖానాలు, శిథిలాల్లోనే గుడిసెలేసుకుని అడుక్కునే జనం ఉన్నారని రాసిందీ ఆయనే.

అయినా వెళ్లండి. పడమటి కిటికీలో రాతి అల్లిక దాదాపు మొత్తం నిలిచుంది, దగ్గరకెళ్లి చూస్తే రాళ్ల సందుల్లో వేలెడంత ఫెర్న్ మొక్కలు మళ్లీ తల ఎత్తుతున్నాయి, నాకు టికెట్ డబ్బులు అక్కడే గిట్టాయి. రిపేర్ల వల్ల కొన్ని భాగాలు మూసి ఉంచొచ్చు, బయల్దేరే ముందు కాడ్యూ (వేల్స్‌లో పాత కట్టడాలు చూసుకునే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్ చూస్కోండి. ఓపికుంటే వై నది దాటి ఇంగ్లండ్ వైపు డెవిల్స్ పల్పిట్ దాకా ఎక్కండి, బురద ఉంటుంది మంచి షూస్ కావాలి, కానీ పైనుంచి అడవి మధ్యలో అబ్బే చూస్తుంటే గీసినవాళ్లకి ఎందుకంత పిచ్చి పట్టిందో అర్థమౌతుంది.

కారు లేకపోతే చెప్‌స్టో దాకా ట్రైన్, అక్కణ్ణుంచి బస్సు, కానీ బస్సులు తక్కువ, రిటర్న్ టైమ్ ముందే ఫోటో తీసి పెట్టుకోండి. మేం దిగిన బీ అండ్ బీలో (పడక, పొద్దుటి టిఫిన్ ఇచ్చే చిన్న బస) హీటర్ రాత్రి పదికే ఆపేశారు, అడిగితే ఇంకో దుప్పటి ఇచ్చారు, అంతే. వెజ్ వాళ్లకి పబ్బుల్లో బంగాళదుంపే దిక్కు, పులిహోర కట్టుకెళ్లడం బెస్ట్.

నన్నడిగితే రెండిట్లో లాంథనీ ప్రయారీకే (ఇదీ పాడుబడిన పాత మఠమే) నా ఓటు. అదీ టర్నర్ గీసిందే, బ్లాక్ మౌంటెన్స్ లోయలో ఉంది, ఎంట్రీ ఫ్రీ, చుట్టూ కొండలు, గొర్రెలు. శిథిలాల్లోనే చిన్న హోటల్, కింద రాతి కమానుల గదిలో బార్. రూములకి మెలికల మెట్లెక్కాలి, బాత్‌రూమ్‌లు కామన్, పెద్దవాళ్లతో అయితే వద్దు. కారు లేకుండా మాత్రం కష్టం, దగ్గర స్టేషన్ అబర్‌గవెనీ, అక్కణ్ణుంచి టాక్సీ బాదుడే.

ఇక అసలు బొమ్మ కోసం లండన్ టేట్ బ్రిటన్ ఆర్ట్ గ్యాలరీలో ప్రింట్స్ అండ్ డ్రాయింగ్స్ రూమ్‌కి అపాయింట్‌మెంట్ తీస్కోండి, ఫ్రీనే. వీలైతే ఈ ట్రిప్ అయ్యాకే వెళ్లండి, ఏది ఉన్నది ఉన్నట్టు గీశాడో ఎక్కడ పెంచాడో అప్పుడైతే ఇట్టే తెలిసిపోతుంది.