మా మందుల గోడౌన్‌లో వైఫై: సర్వేకి ఐదు స్టార్లు, ఏఎంసీకి ఒకటి

మేడ్చల్ వైపు మందుల గోడౌన్ మాది. సెలైన్, సిరప్ పెట్టెలు ఇనుప ర్యాకుల్లో పైకప్పు దాకా ఉంటాయి. ఐటీ చూసేది నేను. చేతి స్కానర్లు, ఫోర్క్‌లిఫ్టుల మీది టాబ్లెట్లు అన్నీ వైఫైతోనే నడవాలని మేనేజ్‌మెంట్ తేల్చాక హైదరాబాద్‌లోని ఒక ఇన్‌స్టాలర్‌కి పని ఇచ్చాం. ఈ రివ్యూ వాళ్ల గురించే, వైఫై పరికరాలు తయారుచేసే కంపెనీ గురించి కాదు.

మిగతావాళ్లంతా ప్లాన్ కాగితం చూసి, ఇన్ని చదరపు అడుగులకి ఇన్ని యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పరికరాలు) అని కొటేషన్ పంపేశారు. వీళ్లు మాత్రం ర్యాకులు సరుకుతో నిండాక సిగ్నల్ ఎక్కడెంత అందుతోందో సర్వే చేస్తేగానీ రేటు చెప్పలేమన్నారు. స్టాండు మీద యాక్సెస్ పాయింట్ నిలబెట్టి, ల్యాప్‌టాప్ పట్టుకుని ప్రతి సందూ తిరిగారు. ఇనుము సిగ్నల్‌ని తిప్పికొడుతుంది, నీళ్లుండే సరుకు తాగేస్తుంది. ఖాళీ గోడౌన్‌లో కొలిచిన లెక్క సెలైన్ దిగగానే పనికిరాకుండా పోయేది అందుకే. సర్వే చూశాక, నలువైపులా వెదజల్లే యాంటెనాలు మానేసి, సందు పొడవునా సిగ్నల్ పంపేవి చివర్లలో బిగించారు.

తర్వాత యాక్సెస్ పాయింట్లు సిగ్నల్ పంపే పవర్ తగ్గించారు. మా జీఎం గారికి అది మింగుడుపడలేదు. "కొన్నదే సిగ్నల్ కోసం కదమ్మా, మళ్లీ తగ్గించడమేంటి?" వాళ్ల ఇంజినీరే జవాబిచ్చాడు: "సార్, ఇది ఎంత గట్టిగా అరిచినా స్కానర్ గొంతు దీనికి వినబడాలిగా!" పైగా పవర్ ఎక్కువైతే స్కానర్ దూరంగా ఉన్న పాత యాక్సెస్ పాయింట్‌నే పట్టుకు వేలాడుతుంది, పక్కనున్న దానికి మారదు. వైఫై వాడే రెండు బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీదకి ఒకటి రాని ఛానెళ్లు 1, 6, 11 మూడే కాబట్టి స్కానర్లన్నిటినీ 5 గిగాహెర్ట్జ్ మీదకి మార్చారు. మన దేశంలో 2018లో లైసెన్స్ అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు పెంచాక అక్కడ ఛానెళ్లకి కరువు లేదు.

కేబులింగ్ శుభ్రంగా ఉంది. లేబుళ్లు కూడా అంటించారు, అడక్కుండానే.

సెక్యూరిటీ దగ్గర మాత్రం పిసినారితనం చూపించారు. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిపోయారు. మనిషి మానేస్తే పాస్‌వర్డూ అతనితోపాటే గేటు దాటుతుంది. మనిషికో లాగిన్ ఇచ్చే 802.1ఎక్స్ కావాలంటే విడిగా బిల్లన్నారు. వందలమంది పనిచేసే చోట ఇది ఎక్స్‌ట్రా ఎలా అవుతుందో వాళ్లే చెప్పాలి. ఇది కొటేషన్‌లోనే రాయించుకోండి.

ఇక ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు. ఒక మూల సిగ్నల్ రావట్లేదని ఫిర్యాదు చేస్తే కొత్త కుర్రాడు వచ్చాడు. సర్వే రిపోర్టు ఉందని కూడా అతనికి తెలీదు. "పవర్ అన్నిట్లో ఫుల్ పెట్టేశా మేడమ్" అని సంతకం చేయించుకుని వెళ్లాడు. ఆ సాయంత్రమే ఫోర్క్‌లిఫ్టుల టాబ్లెట్లు సందు మారినప్పుడల్లా డిస్‌కనెక్ట్ అవడం మొదలైంది. రిపోర్టు ముందేసుకుని సెట్టింగులు నేనే వెనక్కి మార్చాను.

ఏఎంసీ రెన్యువల్ చేయలేదు. రెండో గోడౌన్ సర్వేకి మాత్రం వాళ్లనే పిలిచాం, ఆ ఇంజినీరే రావాలని ఆర్డర్‌లో రాసి.