మంచి రోజుకో ప్రొఫైల్, నొప్పి రోజుకో ప్రొఫైల్: అడాప్టివ్ కంట్రోలర్‌తో నా అనుభవం

మామూలు గేమ్ కంట్రోలర్ పట్టుకోలేనివాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ చేసినదే ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్. దాని మీద కనబడే రివ్యూల్లో చాలావరకు పెట్టె విప్పిన వారంలోపే రాసినవి. నేను దీన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను, అదీ రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న చేతులతో. కీళ్లవాతం అనగానే మనవాళ్లకు ముసలివాళ్ల మోకాళ్లే గుర్తొస్తాయి. ఇది వేరు. ఒంట్లోని రోగనిరోధక శక్తి మన కీళ్ల మీదే దాడి చేస్తుంది. ముప్పైల్లోనే రావచ్చు, వేళ్ల కణుపులతోనే మొదలవ్వచ్చు. నాకు అలాగే వచ్చింది. పొద్దున లేచాక గంట దాటినా పిడికిలి బిగించలేను. ఈ జబ్బుకు వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మందు పడిన మర్నాడు ఒంట్లో సత్తువ ఉండదు. కొన్ని వారాలు అసలు జబ్బే లేనట్టు గడిచిపోతాయి. ఇంకొన్ని వారాలు మంచినీళ్ల సీసా మూత తియ్యడానికి కూడా ఇంట్లో ఎవరినో ఒకరిని కేకెయ్యాలి.

నేను రోడ్‌రాష్, వైస్ సిటీ ఆడుతూ పెరిగిన బాపతు. పెళ్లయ్యాక కూడా ఆడటం మానలేదు. జబ్బు వచ్చాక మాత్రం మామూలు కంట్రోలర్ పట్టుకోవడమే కష్టమైపోయింది. దాని బరువు సమస్య కాదు. రెండు బొటనవేళ్లు స్టిక్కుల మీద కదులుతూనే ఉండాలి, చూపుడువేళ్లు ట్రిగ్గర్లు నొక్కి పట్టాలి, మిగతా వేళ్లు వదలకుండా బిగించి ఉండాలి. నొప్పి ఎక్కడెక్కడ ఉందో సరిగ్గా అక్కడే పని. ఫోన్ గేములు ఇంకా ఘోరం, అద్దం మీద బొటనవేళ్లు తప్ప వేరే దారే లేదు.

2018 సెప్టెంబరులో అమెరికాలో ఈ అడాప్టివ్ కంట్రోలర్ 99.99 డాలర్లకు మార్కెట్లోకి వచ్చింది. డాలస్‌లో ఉండే మా అన్నయ్య తర్వాత ఒకసారి వస్తూ తెచ్చాడు. పెట్టెను బలంగా చించే పని, పళ్లతో కొరికే పని లేకుండా తయారుచేశారు. ఎటు చూసినా ఉంగరాల్లాంటి పట్టీలు, మణికట్టు దూర్చి లాగితే చాలు. ఇలాంటి పనులు కంపెనీలు ప్రచారం కోసమే చేస్తాయని నా అనుమానం. అయినా నా పేరు మీద వచ్చిన పెట్టెను నేనే విప్పుకోవడం బాగుంది.

చూడటానికి తెల్లటి పలక. పైన అరచేయంత నల్ల బటన్లు రెండు, పక్కన నాలుగు దిక్కులకూ నొక్కే పెద్ద బటన్, అంటే డీప్యాడ్. అసలు సంగతి వెనక అంచున ఉంది. అక్కడ వరసగా 19 రంధ్రాలు ఉంటాయి, పాత ఫోన్లలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే 3.5 ఎంఎం సైజువే. ఒక్కో రంధ్రం మామూలు కంట్రోలర్‌లోని ఒక్కో బటన్‌కు సమానం. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి యూఎస్‌బీ పోర్టులున్నాయి, వాటికి జాయ్‌స్టిక్కులు తగిలించుకోవచ్చు. అంటే ఇది కంట్రోలర్ కన్నా జంక్షన్ బాక్సు అంటే సరిగ్గా ఉంటుంది. ఒక్క స్టిక్ కూడా దీంతో రాదు. కొనే ముందు ఈ విషయం ఒకటికి రెండుసార్లు గుర్తు చేసుకోండి. ఇది ఒక్కటే కొంటే మెనూల్లో తిరగడానికి, చిన్నాచితకా 2డి గేములకు తప్ప ఎందుకూ చాలదు.

విడి స్విచ్చుల సెట్టు లాజిటెక్ 2019లో తెచ్చింది, ధర మళ్లీ కంట్రోలర్ అంత. అంత పెట్టడం నాకు మనసొప్పలేదు. ఈ రంధ్రాలకు కావలసిందల్లా నొక్కినప్పుడు కలిసి, వదిలితే విడిపోయే రెండు తీగలు. అలాంటి వస్తువు మనందరి గుమ్మాల పక్కనే ఉంది, కాలింగ్ బెల్ స్విచ్! మా వీధిలోని ఎలక్ట్రికల్ షాపులో 50, 60 రూపాయలకు దొరికింది. మా మరిది దానికి రెండు తీగలు కలిపి, చివర మోనో పిన్ను సోల్డర్ చేసి, ప్లైవుడ్ ముక్కకు బిగించి ఇచ్చాడు. పిన్ను దూర్చగానే పని చేసింది. స్ప్రింగు వేలికి మరీ గట్టి, పాదానికి మాత్రం సరిగ్గా సరిపోయింది. చేతుల కోసం కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఆర్కేడ్ బటన్లు తెప్పించుకున్నాను. అవి లోపల మైక్రోస్విచ్ ఉన్నవి, మెల్లగా తాకినా నొక్కుకుంటాయి. ఎడమ స్టిక్ బదులు విమానం గేముల కోసం అమ్మే పెద్ద జాయ్‌స్టిక్ పెట్టాను. దాన్ని బొటనవేలితో తిప్పను, ముంజేయి మొత్తంతో అటూ ఇటూ నెడతాను.

తర్వాత వచ్చిన తలనొప్పి పిన్నులతో. సన్నటి పిన్నును రెండు వేళ్లతో పట్టుకుని రంధ్రంలోకి నెట్టడమంటే నాకు సీసా మూత తియ్యడంతో సమానం. మా మరిది పిన్ను వెనక భాగానికి ఎంసీల్ ముద్ద పెట్టి, తడిగా ఉండగానే నా అరచేతిలో పెట్టి నొక్కించాడు. ఆరేసరికి నా చేతి ఆకారానికి సరిపోయే పిడి తయారైంది. కాకపోతే రంధ్రాలు దగ్గరదగ్గరగా ఉండటంతో రెండు లావు పిన్నులు పక్కపక్కన పట్టవు. మధ్యలో ఒక రంధ్రం వదిలేసి పెట్టుకుంటాను. ఏ రంధ్రానికి ఏ పని అన్నది యాప్‌లో మార్చుకోవచ్చు కాబట్టి నష్టం లేదు. రంధ్రాలకు పైన వేలికి తగిలే గీతలు ఉండటం కూడా మంచిదైంది, వంగి చూడకుండానే తడుముకుని పెట్టేయొచ్చు.

ఇన్నాళ్లూ దీన్ని వదలకుండా వాడటానికి అసలు కారణం ప్రొఫైల్ బటన్. మూడు రకాల అమరికలు దాచుకుని, ఒక్క నొక్కుతో మార్చుకోవచ్చు. వికలాంగుల కోసం చేసే వస్తువుల్లో చాలావాటికి ఒకటే లెక్క, చెయ్యి లేదు, లేదా ఉంది. నాకు చేతులు ఉంటాయి, ఒక్కోరోజు ఒక్కోలా ఉంటాయి. అందుకే మొదటి ప్రొఫైల్ మంచి రోజుది. అందులో కుడి చెయ్యి నల్ల బటన్ల మీద, రెండు ఆర్కేడ్ బటన్లు పక్కన, కుడికాలి కింద కాలింగ్ బెల్. రెండోది నొప్పి రోజుది. వేళ్లకు అందులో పనే ఉండదు. ఒక అరచెయ్యి, ఒక మోచెయ్యి, రెండు పాదాలు. బటన్లు తక్కువైపోతాయి కాబట్టి ఎడమ పాదాన్ని షిఫ్ట్‌గా పెట్టాను. అది నొక్కి ఉంచితే మిగతా స్విచ్చులన్నీ తమ రెండో పని చేస్తాయి. అలవాటు కావడానికి టైము పట్టింది, ఇప్పుడు పాదాలే ఆలోచించుకుంటాయి. మూడోది మా చిన్నోడిది.

వాడి సంగతి చెప్పాలి. ఎక్స్‌బాక్స్‌లో రెండు కంట్రోలర్లను ఒకటిగా వాడే ఏర్పాటు ఉంది, మొదట్లో దాన్ని కోపైలట్ అనేవాళ్లు. నేను ఆడేది కంప్యూటర్ మీద, నా పద్ధతి ఇంకా సులువు. పొడుగు తీగ ఉన్న ఒక ఆర్కేడ్ బటన్ వాడి చేతిలో పెడతాను. నడక నాది, దూకడం వాడిది.

"అమ్మా, దూకనా?"

"ఆగరా... ఇంకొంచెం... ఇప్పుడు!"

"అదిగో, లేట్‌గా చెప్పావ్. పడిపోయాం."

తొమ్మిదేళ్ల పిల్లాడితో ఇలా పోట్లాడుకోవడానికి వేరే అవకాశం దొరకదు.

కంట్రోలర్ ఎంత బాగున్నా గేము సహకరించకపోతే లాభం లేదు. సెలెస్ట్ అనే గేము పేరు వినగానే చాలామంది వేళ్లు విరిగిపోతాయంటారు. దాని అసిస్ట్ మోడ్‌లో వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు, సెట్టింగుల్లో గోడ పట్టుకోవడాన్ని టాగుల్ చేసుకోవచ్చు. ఒకసారి నొక్కితే పట్టు, మళ్లీ నొక్కితే వదులు. నేను దాన్ని అలాగే పూర్తి చేశాను, సిగ్గేమీ పడలేదు. హేడిస్‌లో గాడ్ మోడ్ పెట్టుకుంటే దెబ్బల తీవ్రత మొదట 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం, అలా 80 దాకా. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 గురించి 2020 నుంచి వింటూనే ఉన్నాను, 60కి పైగా యాక్సెసిబిలిటీ సెట్టింగులని. 2025లో కంప్యూటర్‌కు వచ్చాక ఆడాను. టకటకా నొక్కాల్సిన చోట నొక్కి పట్టుకుంటే చాలు అనే ఆప్షన్ ఒక్కటే నాకు డబ్బులు గిట్టించింది. ఇలాంటివి ఇవ్వని గేములకు, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో బటన్ల పని మార్చే స్టీమ్ ఇన్‌పుట్ ఉంటుంది, అందులో టాగుల్ పెట్టుకుంటాను, కొంత పని జరుగుతుంది.

కారు రేసుల గేము ఫోర్జా హొరైజన్ 5 దగ్గర మాత్రం నా కాలింగ్ బెల్ పరువు పోయింది. అసలైన ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత వేగం. స్విచ్‌కు అలాంటి మధ్యస్థం లేదు, నొక్కితే ఫుల్లు, వదిలితే సున్నా. మలుపులో చక్రాలు జారి కారు గిర్రున తిరుగుతుంది. ట్రాక్షన్ కంట్రోల్, బ్రేకు సాయం ఆన్ చేసి, ఒంటరిగా ఆడేటప్పుడు గేము వేగం తగ్గించుకుంటే ఆడదగ్గట్టుంటుంది. ఆన్‌లైన్ పోటీల్లో వేగం తగ్గించే వీలుండదు కనుక నేను అటు పోను. కొత్తవాళ్లతో హెడ్‌సెట్ పెట్టుకుని షూటింగ్ గేములు ఆడటం ఎప్పుడో మానేశాను. మెల్లగా ఆడేవాళ్లను ఏమంటారో మీకు తెలుసు.

మిగతా లోపాలు చిన్నవి, రోజువారీవి. టేబుల్ కింద తీగల అడవి. ఇల్లు తుడిచే రోజు అవన్నీ పీకి మళ్లీ పెట్టాలి, పీకడం నావల్ల అవుతుంది, పెట్టడానికి ఇంకొకరు కావాలి. బ్యాటరీ 25 గంటల దాకా వస్తుందని కంపెనీ లెక్క. నేను ఎప్పుడూ తీగతోనే వాడతాను కాబట్టి పరీక్షించలేదు. నాకు ఇరవై నిమిషాలకోసారి అలారం మోగుతుంది, అప్పుడు లేచి చేతులు ఆడించాలి. కంట్రోలర్ సుఖంగా ఉందని అలారం ఆపేస్తే మర్నాడు పొద్దున దాని వడ్డీ కట్టాలి.

ప్లేస్టేషన్ ఉన్నవాళ్లు దీని జోలికి రావద్దు. వాళ్లకు 2023 డిసెంబరులో వచ్చిన యాక్సెస్ కంట్రోలర్ వేరే ఉంది. బొటనవేలు ఒక్కటే నొప్పి అయితే ముందు మీ దగ్గరున్న మామూలు కంట్రోలర్‌లోనే బటన్లు మార్చి, టాగుల్ పెట్టి చూడండి, పైసా ఖర్చు లేదు. అప్పటికీ కుదరకపోతే, ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకోగల మనిషి ఒకరు ఉంటే, కొనండి. కాలింగ్ బెల్ స్విచ్చులు మాత్రం రెండు మూడు రకాలు తెచ్చుకుని, ఏది మెత్తగా నొక్కుకుంటుందో షాపులోనే పాదంతో తొక్కి చూసుకోండి. షాపువాడు వింతగా చూస్తాడు, పర్లేదు.