లెమన్ బార్లకు ఆనొడైజ్డ్ పాన్: చాలాకాలం వాడిన తరువాత

నేను లెమన్ బార్లకు (కింద బిస్కెట్ లాంటి పొర, పైన నిమ్మ పొర ఉండే తీపి ముక్కలు) వాడుతున్నది 8 అంగుళాల చదరపు పాన్. ఆనొడైజ్డ్ అల్యూమినియం (పైన గట్టి ఆక్సైడ్ పొర ఏర్పరచినది), లేత బూడిద రంగు, నిటారు గోడలు, నాన్‌స్టిక్ పూత లేదు. దీనికి ముందు గాజు పాత్రలోనూ, నల్లటి నాన్‌స్టిక్ పాన్‌లోనూ చేసేదాన్ని. ఆ రెండూ ఇంట్లోనే ఉన్నాయి, కానీ ఈ పనికి మాత్రం బయటికి తీయను.

తేడా తెలిసేది అడుగు పొరలో. మైదా, వెన్న, పంచదార పొడి కలిపి అదిమిన ఆ పొర, పైన నిమ్మ మిశ్రమం పోయకముందే బాగా కాలాలి. 175 డిగ్రీల సెల్సియస్‌లో సుమారు 20 నిమిషాలు పడుతుంది. అంచులు ఎర్రబడితే చాలదు, మధ్య భాగానికీ రంగు రావాలి. లేకపోతే మర్నాటికి మెత్తబడి పిండి ముద్దలా అంటుకుంటుంది. గాజు ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. అందుకని అడుగు పాలిపోయి ఉంటుంది, ఓవెన్‌లోంచి తీశాక కూడా అంచుల దగ్గర నిమ్మ పొర ఉడుకుతూనే ఉంటుంది. నల్ల పాన్‌ది వేరే తంటా: వేడిని ఎక్కువగా పీల్చుకుని, మధ్య భాగం అందుకునేలోపే అంచులను మాడుస్తుంది. ఈ లేత రంగు పాన్‌లో అడుగంతా దాదాపు ఒకే రంగుకు వస్తుంది.

పులుపు సంగతీ చూడాలి. మామూలు అల్యూమినియం నిమ్మరసంతో చర్య జరిపి పదార్థానికి లోహపు రుచి అంటిస్తుంది. ఆనొడైజ్ చేసినప్పుడు ఏర్పడే గట్టి ఆక్సైడ్ పొర దాన్ని అడ్డుకుంటుంది. అయినా నేను బేకింగ్ కాగితం తప్పకుండా పరుస్తాను, రెండు వైపులా అంచులు బయటికి వేలాడేలా. మొత్తం పలకను ఎత్తి బల్ల మీద పెట్టి కోసుకోవచ్చు, పాన్ లోపల కత్తి గీతలు పడవు.

కొలత విషయంలో జాగ్రత్త. 8 అంగుళాల పాన్ వైశాల్యం 64 చదరపు అంగుళాలు, 9 అంగుళాలదైతే 81. పెద్ద పాన్‌కు రాసిన కొలతలు ఇందులో పోస్తే నిమ్మ పొర మందమై, మధ్యలో పచ్చిగా ఉండగానే అంచులు గట్టిపడతాయి. నాకు సరిపోయిన కొలత: 3 గుడ్లు, 200 గ్రాముల పంచదార, 120 మిల్లీలీటర్ల నిమ్మరసం, 2 టేబుల్ స్పూన్ల మైదా. నిమ్మ తొక్క తురుమును ముందుగా పంచదారలో వేసి వేళ్లతో నలపాలి, అసలు సువాసన ఆ తొక్క నూనెల్లోనే ఉంది. తొక్క కింది తెల్లటి భాగం తగిలితే చేదు.

పాన్ ఎంత మంచిదైనా కొన్ని పనులు చేయిపైనే ఉంటాయి. గుడ్లను నురగ వచ్చేలా గిలకొడితే పైన తెల్లటి పొక్కుల పొర తేలుతుంది, మెల్లగా కలిపితే చాలు. అడుగు పొర వేడిగా ఉండగానే మిశ్రమం పోసి, ఓవెన్‌ను 160 డిగ్రీలకు తగ్గించాలి. ఎప్పుడు తీయాలన్నది నిమిషాలు చూసి కాదు, పాన్‌ను కదిపి చూసి తేల్చుకోవాలి. అంచులు కదలకూడదు, మధ్య భాగం మాత్రం కాస్త వణకాలి. పూర్తిగా బిగిసేదాకా ఉంచితే చల్లారాక పగుళ్లు వస్తాయి, గుడ్డు వాసన కూడా పైకి తేలుతుంది. కోసే ముందు కనీసం 2 గంటలు ఫ్రిజ్‌లో ఉండాలి. కత్తిని వేడి నీళ్లలో ముంచి, ప్రతి కోతకూ తుడుచుకోవాలి. పైన పంచదార పొడి వడ్డించేటప్పుడే చల్లాలి, ముందే చల్లితే తేమకు కరిగి మాయమవుతుంది.

పాన్‌పై నాకున్న ఫిర్యాదు ఒక్కటే. మూలలు మరీ పదునుగా ఉండడం వల్ల ముక్కలు అందంగా వస్తాయి గానీ, కాగితాన్ని అక్కడ కత్తిరించి మడవకపోతే ముడతలు పడి ఆ మూల ముక్క వంకరపోతుంది. డిష్‌వాషర్‌లో మాత్రం వేయకండి, ఆ ఘాటు క్షారానికి ఆనొడైజ్డ్ పొర మసకబారి మరకలు పడుతుంది. మెత్తటి స్పాంజితో చేత్తో కడిగితే సరిపోతుంది.