టీబీ మాత్రల వికారానికి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న చుక్కల మందు కొనేవారికి హెచ్చరిక

టీబీ మందులు వాడుతూ వికారంతో బాధపడుతున్నవారు, వారిని చూసుకుంటున్న ఇంట్లోవారు ఇది తప్పక చదవాలని కోరుతున్నాను. ఏ మందు వల్ల వచ్చిన వికారమైనా మూడు రోజుల్లో తగ్గిపోతుందని ఫోన్‌లో కనిపించిన ప్రకటనను నమ్మి, మా అమ్మగారి కోసం 30 మిల్లీలీటర్ల చుక్కల సీసాను 649 రూపాయలకు తెప్పించాను. పోయిన డబ్బు గురించి నాకు చింత లేదు. ఆ సీసాను నమ్ముకుని డాక్టరుకు చూపించకుండా మేము గడిపిన పదకొండు రోజుల్లో అమ్మ కాలేయం దెబ్బతింటూ వచ్చింది.

అమ్మకు 58 ఏళ్లు, బరువు 52 కిలోలు. కళ్లె పరీక్షలో ఊపిరితిత్తుల టీబీ అని తేలిన తర్వాత ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా మందులు ఇచ్చారు. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులూ కలిసిన మాత్రలు, ఆమె బరువును బట్టి రోజుకు నాలుగు వేసుకోవాలి. ఆ తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మిగిలిన మూడు మందులు కొనసాగించాలి. రెండో వారం నుంచి మాత్రలు వేసుకున్న గంటకల్లా ఆమెకు కడుపులో దేవడం మొదలైంది. పోపు వాసన కూడా పడేది కాదు. కేంద్రంలో చెబితే మందులు ఆపేస్తారేమో, జబ్బు ముదురుతుందేమో అన్న భయంతో అమ్మ ఎవరికీ చెప్పనివ్వలేదు, నేనూ ఆమె మాటకు తలూపాను. ఇలాంటి భయం ఉన్న ఇళ్లను వెతుక్కుంటూనే ఆ ప్రకటనలు వస్తాయని ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

సీసాతోపాటు ఒక కరపత్రం వచ్చింది. చుక్కలు బాగా పనిచేయాలంటే మొదటి మూడు రోజులు ఇంగ్లీషు మందులకు విరామం ఇవ్వాలని అందులో ఉంది. టీబీ మాత్రలు మధ్యలో మానితే క్రిములు మందుకు లొంగని విధంగా మారే ప్రమాదం ఉందని కేంద్రంలో మొదటి రోజే చెప్పినా, అచ్చులో కనిపించిన మాటకు లొంగి అమ్మ మూడు రోజులు మాత్రలు మానేసింది. వికారం తగ్గింది. మాత్రలు ఆపితే ఆ మాత్రలు తెచ్చిన వికారం తగ్గుతుంది కదా, దాన్ని మేము చుక్కల గొప్పతనమనుకున్నాం. నాలుగో రోజు మాత్రలు మళ్లీ మొదలుపెట్టగానే వాంతులయ్యాయి. అమ్మినవారి నంబరుకు ఫోన్ చేస్తే, ఒంట్లోని విషం బయటకు పోతోందని, చుక్కలు రెట్టింపు చేయమని ఒకాయన ఎంతో ధీమాగా చెప్పాడు.

ఇక్కడ మేము మోసపోయిన మరో సంగతి ఉంది. రిఫాంపిసిన్ వాడేవారికి మూత్రం నారింజ రంగులో రావడం మామూలే, దానికి కంగారు పడనక్కర్లేదు. మొదటి రోజు నుంచి ఆ రంగుకు అలవాటు పడిపోవడం వల్ల, అది ముదురు టీ డికాక్షన్ రంగుకు మారినప్పుడు మేము గమనించలేదు. పదకొండో రోజు పగటి వెలుతురులో అమ్మ కళ్లలోని తెల్లభాగం పచ్చగా కనబడితే గానీ మాకు తెలియలేదు. అందువల్ల ఈ మందులు వాడేవారి విషయంలో మూత్రం రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, రోజూ ఎండపొడలో కళ్లు చూడండి.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే కాలేయపు ఎంజైములు సాధారణ పరిమితికి ఆరు రెట్లు ఉన్నాయి. వికారం, కామెర్ల వంటి లక్షణాలు ఉన్నప్పుడు మూడు రెట్లు దాటినా మందులు ఆపవలసిందేనని డాక్టరుగారు వివరించారు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు కాబట్టి, చుక్కలు కూడా హాని చేశాయా అన్నది ఆయన తేల్చి చెప్పలేదు, నేనూ చెప్పను. అయితే వికారం మొదలైన వారంలోనే వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని మాత్రం స్పష్టంగా అన్నారు. ఆ సమయంలోనే బంధువులు పసరు మందు పోయించమని పట్టుబట్టారు. దెబ్బతిన్న కాలేయం మీద ఏముందో తెలియని పసరు పోయవద్దని డాక్టరుగారు వారికి ఎదురుగానే చెప్పారు. ఎంజైములు తగ్గాక మందులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టారు, పైరజినమైడ్‌ను పూర్తిగా తీసేశారు. దాంతో ఆరు నెలల చికిత్స తొమ్మిది నెలలయింది.

ఇప్పుడు అమ్మ వికారాన్ని ఎలా తట్టుకుంటోందో కూడా చెబుతాను. ఖాళీ కడుపుతో వేసుకుంటే మందు బాగా ఒంటబడుతుంది గానీ, తట్టుకోలేనివారు కొద్దిగా తిని వేసుకోవచ్చని డాక్టరుగారు అనుమతించారు. ఆమె ఒక ఇడ్లీ తిని వేసుకుంటుంది. మాత్రలకు అరగంట ముందు వేసుకోవడానికి వాంతుల మాత్ర రాసిచ్చారు. కడుపులో మంటకు వాడే మందుల్లో (యాంటాసిడ్) అల్యూమినియం ఉన్నది ఐసోనియాజిడ్‌ను ఒంటబట్టనివ్వదు కాబట్టి రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం పాటించమన్నారు. వాంతుల మాత్రలను కూడా దుకాణంలో అడిగి తెచ్చుకోకండి. మెటోక్లోప్రమైడ్ వంటివి కొందరిలో మెడ, దవడ కండరాలను వంకర తిప్పేస్తాయి. డోంపెరిడోన్, ఆండాన్సెట్రాన్ గుండె లయను మార్చగలవు. తొలి వారాల్లో మాత్రల తర్వాత కాసేపు కడుపులో తిప్పి, అన్నం సయిస్తుంటే అది చాలామందికి తగ్గిపోయేదే. అలా కాక వికారం రోజంతా ఉన్నా, తగ్గిందనుకున్నాక మళ్లీ వచ్చినా, దానితోపాటు ఆకలి చచ్చిపోయినా, కుడి డొక్క పైభాగంలో నొప్పి, ఒళ్లంతా దురద, కళ్లలో పసుపు కనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇదే సరుకు రేపు ఇంకో పేరుతో వస్తుంది. గుర్తులు చెబుతాను. మా సీసా మీద మందుల తయారీ లైసెన్సు నంబరు లేదు. ఉన్నది ఆహార పదార్థాలకు ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు మాత్రమే. ఆహారంగా అమ్మే వస్తువు రోగాన్ని నయం చేస్తుందని ప్రకటించుకోవడానికి వీల్లేదు. ఏమేమి కలిపారో చెప్పకుండా, ప్రత్యేక మూలికల మిశ్రమం అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. వాడుతున్న మందులు ఆపమని చెప్పే కరపత్రం ఏ సీసాతో వచ్చినా దాన్ని పక్కన పెట్టేయండి.

సీల్ తీశామని చెప్పి డబ్బు వాపసు ఇవ్వలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, జవాబు రావలసి ఉంది. మందుల దుష్ప్రభావాలను తెలియజేయడానికి 1800-180-3024, టీబీ చికిత్స గురించిన సందేహాలకు 1800-11-6666 ఉచిత నంబర్లు. సీసా, బిల్లు, కరపత్రం మూడింటినీ నేను పారేయకుండా భద్రపరిచాను. మీరు ఇప్పటికే ఇలాంటిది కొని ఉంటే, వాటిని తీసుకుని రేపు ఉదయమే మందులిచ్చే కేంద్రానికి వెళ్లండి. వికారం గురించి చెప్పినందుకు అక్కడ అమ్మను ఎవరూ కోప్పడలేదు.